బాతుల దిబ్బ

పోయిన ఏడు జ్యేష్ఠ మాసంలో రెండో ఆదివారం, పొద్దున ఆరు గంటల నలభై నిమిషాలకు మా కుంటలో దిబ్బ కనపడలేదు. ఫోను ఎత్తేటప్పుడు టైము చూశాను కాబట్టి ఇంత కచ్చితంగా చెప్తున్నాను. చేసింది మా చెల్లెలు. ఇంటికీ కుంటకూ మధ్య రెండు చేల దూరం, కేక వేస్తే వినపడుతుంది. అయినా ఫోను చేసింది.

"అక్కా, దిబ్బ లేదు," అంది.

"దిబ్బ యాడికి పోతాది?"

"నాకేం తెల్సు. లేదు. వచ్చి సూడు."

చెప్పులు వేసుకోకుండా పోయాను. నిజంగానే లేదు. ఇద్దరం మూడు వారాలు తట్టలతో మట్టి మోసి, రొమ్ము ఎత్తున లేపిన దిబ్బ అది. శుక్రవారం సాయంత్రం మేము అనంతపురం బస్సు ఎక్కేటప్పుడు ఉంది. చెల్లెలి కళ్లు చూపించుకుని శనివారం చీకటి పడ్డాక తిరిగి వచ్చాం. తెల్లారి చూస్తే దాని చోట గీకినట్టు నున్నటి నేల. దిబ్బ అడుగున చుట్టూ పేర్చిన రాళ్లను మాత్రం ఎవరో ఏరి, ఒక పక్కన వరుసగా పెట్టి పోయారు. దొంగ అయితే రాళ్లు వరుసగా పెడతాడా? నాకు మొదట అర్థం కానిది అదే.

కుంట మాదే. ఉపాధి పనిలో తవ్వించుకున్నది. తవ్వినప్పటి నుంచి రెండుసార్లే నిండింది. ఎండాకాలంలో ఉత్తరం మూల గుంతలో బోరు నీళ్లు కొన్ని వదులుతాం, మిగతా కుంటంతా నెర్రెలు విచ్చి ఉంటుంది. ఇలాంటి చోట బాతులేమిటని మీరు అడగవచ్చు. ఊరంతా అడిగింది. మా చెల్లెలికి మొగుడు పోయి, పిల్లలు లేక, నా దగ్గరకు వచ్చి ఆరేళ్లు. మా ఇంట్లో ఉన్నవన్నీ నావి. మంచం నాది, బర్రె నాది, చివరకు కూరలో ఉప్పు ఎంత వేయాలో చెప్పే నోరు కూడా నాదే. ఒకసారి కణేకల్ వైపు బంధువుల ఇంటికి పోయినప్పుడు, కాలవ కింద వరి కోసిన మళ్లలో బాతులు మేపే మనిషి దగ్గర పదకొండు బాతులు కొనుక్కుని, గంపలో పెట్టుకుని బస్సులో తెచ్చింది. నన్ను అడగలేదు. దారి పొడుగునా బస్సులో అందరూ నవ్వారు. అది మాత్రం గంప మీద చెయ్యి వేసుకుని, కిటికీలోంచి బయటకు చూస్తూ కూర్చుంది. దానికంటూ ఉన్నవి లోకంలో ఆ పదకొండే.

కుక్కలు వచ్చి రెండింటిని పట్టుకుపోయాయి. బాతులు పొద్దు కుంకాక ఇంటికి రావు, కుంట గట్టు మీదే ముడుచుకుని పడుకుంటాయి. కంప కొట్టి అడ్డం వేశాం. కుక్కలు కింద మట్టి తవ్వి దూరాయి. ఎనిమిది రోజులు కట్టెతో తరిమి, ఒక్కొక్కదాన్నే పట్టుకుని ఇంటి దగ్గర గంపల కింద మూశాం. దానికి మోకాళ్ల నొప్పి, నాకు ఆయాసం. తొమ్మిది బాతుల వెనక ఇద్దరు ముసలివాళ్లు కుంట చుట్టూ తిరగడం చూడటానికి జనం పని మానుకుని వచ్చేవాళ్లు. పైగా గంప కింద మూస్తే గుడ్లు పెట్టడం మానేశాయి.

"ఇంగొక్కటి పోతే అన్నీ ఆ కణేకల్ ఆయప్పకే ఇచ్చేస్తానక్కా. నా చేతిలో ఏదీ నిలవదు," అంది ఒకరోజు. ఆ మాట అన్నాక అన్నం తినలేదు.

అప్పుడు నాకు ద్వీపం తోచింది. యాభై దాటాక రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకున్నప్పుడు వాచకంలో ఆ మాట ఉండేది. నాలుగు వైపులా నీళ్లు ఉన్న నేల అని పంతులమ్మ చెప్పింది. నేను ఒక్కటి కూడా చూడలేదు. నాలుగు వైపులా నేల ఉన్న నీళ్లు చూశాను, అవి కూడా తక్కువే. కుంట నడుమ దిబ్బ లేపితే, వానలకు చుట్టూ నీళ్లు నిలిస్తే, బాతులు దాని మీద పడుకుంటాయి, కుక్కలు గట్టు మీద నిలబడి చూస్తాయి. ఇదీ నా లెక్క. ఖర్చు లేదు. కుంటలో ఒండ్రు ఉంది, తట్టలు ఉన్నాయి, మేమున్నాం.

కుంట ఎండి ఉన్నప్పుడే లేపాలి. నీళ్లు వచ్చాక లేపలేం. ఎంత ఎత్తు లేపాలన్న దగ్గర నాలుగు రోజులు కొట్లాడుకున్నాం. నీళ్లు తుమ్మచెట్టు వేరు దాకా వచ్చాయని అది, రాలేదని నేను. నిండిన రెండుసార్లలో ఒకసారి నేను జ్వరంతో పడుకుని ఉన్నాను, ఒకసారి అది దాని అత్తగారి ఊళ్లో ఉంది. ఒకరు చూసిన నీళ్లు ఇంకొకరు చూడలేదు, అయినా ఇద్దరం కొట్లాడాం. చివరకు దాని రొమ్ము దాకా అనుకున్నాం, అది నాకంటే పొడుగు.

ఎవరికీ చెప్పలేదు. చెప్తే నవ్వుతారు. ఎవరైనా గట్టు మీద ఆగి "ఏం చేస్తాండారమ్మా?" అంటే "మట్టి ఎత్తుతాండామప్పా" అనేదాన్ని. అబద్ధం కాదు కదా.

ఇక ఆ ఆదివారానికి వస్తాను. చెల్లెలు ఏడవలేదు, తిట్టలేదు. వరుసగా పెట్టిన రాళ్లలో ఒకదాని మీద కూర్చుని, కొంగు ముడిలోంచి చీటీ తీసి, కణేకల్ బాతులాయనకు ఫోను చేసింది.

"అప్పా, ఈ దినమే వచ్చి బాతులు ఎత్తకపో," అంది. అవతల ఆయన ఏదో అడిగాడు. "ఏమీ లేదు. రా," అని పెట్టేసింది. తర్వాత నాతో, "మూడు గంటలకు వస్తాడంట," అంది.

"రొంత నిలబడే. ఎవరు తీసినారో కనుక్కుంటా," అన్నాను.

"కనుక్కుంటే దిబ్బ నడిచి వస్తాదా?"

ట్రాక్టరు టైర్ల గుర్తులు ఉన్నాయి, వాటి వెంట పోయాను. దూరం పోలేదు. గుర్తులు తిన్నగా మా పక్క చేనులోకి పోయాయి. ఆ చేను మొగుడూ పెళ్లాలు మాకు ఎంత దగ్గరంటే, మేము అనంతపురం పోయిన రెండు రోజులు మా బాతులకు నూకలు వేసింది ఆ పెళ్లామే. చేనంతా నల్లగా, మెత్తగా, మా దిబ్బ పరిచి ఉంది. ఆమె ఒక మూల పారతో గడ్డలు పగలగొడుతోంది. నన్ను చూసి పార ఆపి నవ్వింది.

"వచ్చినావా అక్కా. కంటికి ఏమన్నారు? బాతులు బాగుండాయి సూడు, శానా తింటాండాయి."

"ఈ మట్టి యాడిది?"

"యాడిదేంది, మీ కుంటలోది. మీరిద్దరూ ఎత్తి పెట్టిందే కదా. ఎంత బాగా ఎత్తి పెట్టినారక్కా, మాకు పార పెట్టే పని గుడక లేదు. మూడు ట్రాలీలు వచ్చింది. రాళ్లు మీకు పనికొస్తాయని పక్కన పేర్చినాం."

ఇంతలో ఆమె మొగుడు ట్రాక్టరు కిందినుంచి లేచి వచ్చాడు.

"అక్కా, గుర్తు లేదు కదా దాని మీద," అన్నాడు, నా మొహం చూసి కొంచెం వెనక్కి తగ్గి.

ఆ మాటతో నా పని అయిపోయింది. మా ఊళ్లో ఎండాకాలంలో కుంటల్లో, చెరువులో ఒండ్రు ఎత్తి, చేలకు తోలుకోవడానికి కుప్పలు పెడతారు. కుప్ప తనకే కావాలనుకున్నవాడు దాని నెత్తిన సున్నం పూసిన రాయి పెడతాడు. రాయి లేని కుప్ప బండి తెచ్చినవాడిది, కుంట ఎవరిదైనా సరే. దాని మీద ఒక ఏడు పెద్ద తగాదా అయితే, ఊరి కూటంలో అందరికంటే గట్టిగా అరిచి ఆ కట్టుబాటును నిలబెట్టింది నేనే. "రాయి పెట్టనోడికి నోరు లేదు" అన్నాను. ఆ మాట ఇప్పటికీ ఊళ్లో నా పేరుతోనే చెప్తారు. మరి ద్వీపం మీద సున్నం రాయి ఎవరు పెడతారు? అది కుప్ప కాదు కదా. కానీ నీళ్లు లేని కుంటలో ద్వీపానికీ కుప్పకూ తేడా ఏమిటని ఆయన అడిగితే నేను చెప్పగలనా? అడగనందుకు సంతోషించాను.

"రెండు దినాలు బాతులు సూసినామని మా కోసం పెట్టినారనుకున్నా. చెప్పకుండా పోయింది, అక్కకు సిగ్గు అనుకున్నా," అంది ఆమె.

"నాకు సిగ్గు ఎప్పుడు సూసినావే?"

"అదీ అనుకున్నా."

విషయం చెప్పాను. కుక్కలు, బాతులు, నీళ్లు, దిబ్బ, మూడు గంటలకు వచ్చే మనిషి. వాళ్లు నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు, అది ఇంకా ఇబ్బందిగా అనిపించింది. ఆయన తల మీది తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు.

"ఈ మాట ముందే చెప్పి ఉంటే ఏం పోయేదక్కా? పరిచిన మట్టి మల్ల ఎట్ల ఎత్తేది? కింది ఎర్రమట్టితో కలిసిపోయింది."

"అడగలేదు నేను."

"అడిగినట్లే నిలబడినావు."

ఆయన చేను చుట్టూ చూశాడు. మా వైపు ఏ గట్టు మీద చూసినా రాళ్ల కుప్పలే. తాతల కాలం నుంచి చేలలో ఏరి వేసినవి, ప్రతి ఏడూ దున్నినప్పుడు మళ్లీ లేచేవి. ఎవరికీ పనికిరావు.

"రాళ్లు పోస్తే?" అన్నాడు. "మూడులోపల నాలుగు ట్రాలీలు పోస్తా. మా గట్టు గుడక ఖాళీ అవుతాది."

"రాళ్ల మీద బాతులు పండుకుంటాయా?" అంది పెళ్లాం.

"నన్నడుగుతావేంది, నేను బాతునా?"

తొమ్మిదిన్నరకు మొదలుపెట్టాం. ఆయన రాళ్లు ట్రాలీలోకి ఎత్తడం, కుంటలోకి దించడం. మేము ఆడవాళ్లిద్దరం దొర్లించి పేర్చడం. చెల్లెలు రాలేదు. గట్టు మీద వేపచెట్టు కింద కూర్చుని, తాను ఇచ్చేయబోయే బాతుల కోసం గంపలకు తాళ్లు కడుతోంది. ఉత్తరం మూల గుంతలో బాతులు మునుగుతూ లేస్తూ ఉన్నాయి. దానికి కనపడేటట్టు కావాలని పెద్ద పెద్ద రాళ్లు దొర్లించాను. తల ఎత్తలేదు. ఒక్కసారి మాత్రం, "నడుము పడిపోతాది, రొంత మెల్లగా," అంది. అది కూడా గంపతో చెప్పినట్టు చెప్పింది.

దాని కోసమే చేస్తున్నానా, లేక నా మాట పోయిందన్న ఉక్రోషంతో చేస్తున్నానా అన్నది అప్పుడు తెలియలేదు. ఇప్పుడూ తెలియదు.

మూడు కాకముందే బాతులాయన మోటారు సైకిలు మీద వచ్చాడు. అటూ ఇటూ రెండు పెద్ద వెదురు బుట్టలు. సన్నటి మనిషి, నా కొడుకు వయసు ఉంటుంది. బండి దిగి గట్టు మీద నిలబడి, ఎండిన కుంట నడుమ రాళ్ల దిబ్బనూ, దాని మీద చెమటలు కారుతున్న మా ముగ్గురినీ చాలాసేపు చూశాడు.

"ఏమ్మా, ఎవరన్నా సచ్చిపోయినారా?" అన్నాడు నెమ్మదిగా. సమాధి అనుకున్నాడు.

"ఎవరూ సావలేదు. ఇది బాతులకు," అన్నాను. చుట్టూ నీళ్లు నిలుస్తాయని, కుక్కలు రాలేవని చెప్పాను.

"ఎందుకు రాలేవు?"

"నీళ్లుంటాయి కదప్పా."

"కుక్కకు ఈత రాదామ్మా?"

పక్క చేను ఆయన నా వైపు చూశాడు. నేను ఆయన వైపు చూశాను. అరవై ఏళ్లు దాటిన దాన్ని, కుక్క ఈదడం ఎప్పుడూ చూడలేదు. మా ఊరి కుక్కలు ఎక్కడ ఈదుతాయి? మాకు తెలిసిన నీళ్లలో కుక్క నిలబడి తాగుతుంది, అంతే.

"మా కణేకల్ కుక్కలు కాలవ ఈది అవతల ఊర్లో పెండ్లి భోజనం తిని వస్తాయి," అన్నాడు ఆయన. నవ్వలేదు, ఉన్న మాట చెప్పినట్టు చెప్పాడు. తర్వాత చెల్లెలి దగ్గరకు పోయి, "ఇంటి దగ్గర గంప కింద మూసేదానికి ఏమైంది?" అన్నాడు.

"గుడ్లు మానినాయి."

"ఎన్ని దినాలు మూసినావు?"

"ఎనిమిది."

"చోటు మార్చితే పది పన్నెండు దినాలు మానతాయమ్మా. మల్ల పెడతాయి. రొంత తాళల్ల."

"తాళినా, దినామూ పట్టుకొచ్చేది ఎట్ల? మోకాళ్లు పోయినాయి నాకు."

"పట్టుకొచ్చేదేంది? పిలిస్తే వస్తాయి కదా."

"పిలిస్తే రావు. కోళ్లను పిలిచినట్లు పిలిచినా. మొగం తిప్పుకుంటాయి."

ఆయన గట్టు దిగి గుంత వైపు నాలుగు అడుగులు వేసి, నాలుకను అంగిలికి రెండుసార్లు టక్కుటక్కున కొట్టి, గొంతు లోపలినుంచి "ఓ... వా, ఓ... వా" అని ఒక కూత తీశాడు. పెద్దగా కూడా కాదు. తొమ్మిది బాతులూ నీళ్లలోంచి ఒక్కసారి లేచాయి. ఒకదాని వెనక ఒకటి, మెడలు చాచి, నెర్రెల్లో కాళ్లు పడుతూ లేస్తూ, ఆయన కాళ్ల దగ్గరకు వచ్చి ఆగాయి.

నేను చెల్లెలిని చూశాను. ఎనిమిది నెలలు నూకలు వేసి, నీళ్లు పోసి సాకింది అది. దాని మొహం మొగుడు పోయిన రోజు చూసినట్టే ఉంది. బుట్టలు తీసుకుని ఆయన తొందరగా పోతే మేలనిపించింది. అంతలోనే పోకూడదనీ అనిపించింది.

"నిన్ను మరిసిపోలేదు," అంది చెల్లెలు.

"నన్ను కాదమ్మా. గుడ్డులోంచి వచ్చినప్పట్నించి ఈ కూత ఇంటాండాయి. ఎవరు కూసినా వస్తాయి. కొనేటప్పుడు నువ్వు అడగల్యా, నేను చెప్పల్యా. మా పక్క అందరికీ తెల్సు కదా, నీకు గుడక తెల్సనుకున్నా."

"ఇంగొకసారి కూయి," అంది.

కూశాడు. అది నోరు కదిపి చూసింది. మళ్లీ కూయించుకుంది. తర్వాత తానే కూసింది. బాతులు కదల్లేదు. పక్క చేను పెళ్లాం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను ఆమె చెయ్యి గట్టిగా గిల్లాను. బాతులాయన, "నాలుక మొదట కొట్టల్ల, దాని తర్వాత గొంతు," అని, బాతులను దూరంగా గుంతలోకి తోలి వచ్చి పక్కన నిలబడ్డాడు. ఎన్నిసార్లు కూసిందో నేను చెప్పలేను. ఎండ గట్టు మీది నుంచి దిగిపోయింది. మేమందరం రాళ్ల మీద కూర్చుని, అరవై ఏళ్ల మనిషి బాతు కూత నేర్చుకోవడం చూశాం. నాకు రాత్రి బడిలో పలక మీద మొదటి గీత గీసిన రోజు గుర్తొచ్చింది.

కాలు వంకర ఉన్న బాతు ఒకటి మొదట తల తిప్పింది. కొంతదూరం వచ్చి ఆగింది. చెల్లెలు ఇంకోసారి కూసేసరికి ఆ బాతు వచ్చింది, దాని వెనక రెండు, తర్వాత అన్నీ వచ్చాయి. వచ్చి దాని చీర కుచ్చెళ్లను ముక్కులతో పొడిచాయి. చెల్లెలు కిందకు చూడలేదు. ఇంటి వైపు తిరిగి కూసుకుంటూ నడిచింది. తొమ్మిదీ వరుసగా వెనక పోయాయి.

"ఎన్ని ఎత్తకపోవల్లమ్మా?" అని బాతులాయన వెనకనుంచి అడిగాడు.

"ఒక్కటి గుడక లేదు. అన్నం తిని పో," అంది, తిరగకుండానే.

పక్క చేను ఆయన లేచి వీపు దులుపుకున్నాడు. "అయితే ఈ రాళ్లు యాలక్కా మోసినాం?" అన్నాడు. అందరూ నా వైపు చూశారు. నేను తట్ట తీసుకుని ఇంటికి నడిచాను.

తర్వాత భాద్రపదంలో వానలు పడ్డాయి. కుంటలో నడుము దాకా నీళ్లు నిలిచాయి, దిబ్బ చుట్టూ నాలుగు వైపులా. పగలు బాతులు దాని చుట్టూ తిరుగుతాయి, ఎక్కవు. ఎక్కడానికి ఏటవాలు లేదని చెల్లెలు అంటుంది, వాటికి ఇష్టం లేదని నేనంటాను. పొద్దు వాలగానే అది గట్టు మీదికి పోయి కూస్తుంది, అవి ఇంటికి వస్తాయి. గుడ్లు పెడుతున్నాయి. కుక్కలు అప్పుడప్పుడు వచ్చి నీళ్ల అంచున నిలబడతాయి, కాసేపు దిబ్బను చూస్తాయి, వెనక్కి పోతాయి. వాటికి ఈత వస్తుందో రాదో నాకు ఇప్పటికీ తెలియదు. వాటికి కూడా తెలుసని నేననుకోను. దిబ్బ తీసేద్దామా అని ఒకసారి అడిగితే, "నీదే కదా, నీ ఇష్టం," అంది చెల్లెలు. ఆ మాట ఎందుకట్లా అందో రెండు రోజులు ఆలోచించి వదిలేశాను.

ఆ ఆదివారం కుంట దగ్గర ఉన్నవాళ్లు వీళ్లు: పార పట్టుకుని వచ్చి చివరిదాకా నవ్వు ఆపుకున్న పక్క చేను ఇల్లాలు, నాలుగు ట్రాలీల రాళ్లు పోసిన ఆమె మొగుడు, ఖాళీ బుట్టలతో వచ్చి ఖాళీ బుట్టలతో పోయిన కణేకల్ బాతులాయన, తొమ్మిది బాతులు, అందులో ఒకదానికి కాలు వంకర, నేను, మా చెల్లెలు.